వంటింట్లో రెండో ఫోను

ఇంటికి రంగులు వేయించేముందు అటక ఖాళీ చేస్తుంటే, మా ఆయన ఒక నోటుపుస్తకం దులిపి తెచ్చి నా ముందు పడేశారు. అట్టని చెదలు తినేశాయి గానీ లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. అన్నీ నా చేతిరాతే. చదివితే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. ఏటీ, ఎక్స్, మూడు, డీ, పీ అంటూ ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో అంకెలు, కొట్టివేతలు, మళ్ళీ అవే అక్షరాలు. "ఏంటివి, బీజాక్షరాలా? ఎవరిమీద ప్రయోగించావు?" అని ఆయన నవ్వారు. కంప్యూటరు చేత టెలిఫోను చేయించడానికి రాసుకున్న ఆజ్ఞలని చెప్పాను. ఆ మాట నిజమే. ఎవరిమీద ప్రయోగించానన్న దానికి మాత్రం జవాబు చెప్పకుండా లేచి పోపు చూసుకోవడానికి వెళ్ళిపోయాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, రేపల్లెలో నేనున్న ఏడాదిన్నర గురించి ఆయనకి చెప్పింది తక్కువ. ఉద్యోగం చేశాను, అద్దెకున్నాను, వచ్చేశాను అంటాను, అంతే.

అమ్మ పోయిన మరుసటేడు అది. మాది బాపట్ల. ఇంట్లో అన్నయ్యా వదినా ఉండేవాళ్ళు. వదిన మంచిది, కాదనను. నేను వెళ్ళగానే కొత్త స్టీలు గ్లాసు కడిగి అందులో మంచినీళ్ళు తెచ్చిచ్చేది. సొంత ఇంట్లో మనిషికి ఎవరైనా కొత్త గ్లాసు వెతికి ఇస్తారా? ఆ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. నా ఖర్మకొద్దీ నేను ఎమ్‌సీఏ పూర్తి చేసేసరికి కంప్యూటరు ఉద్యోగాలన్నీ ఒక్కసారిగా ఎండిపోయాయి. కాస్త ముందు పట్టా పుచ్చుకున్న స్నేహితురాళ్ళు హైదరాబాదు, బెంగుళూరు చేరిపోయారు. నాకు రేపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసే పని దొరికింది. పొద్దున్న ఏడున్నరకి వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంటకి వదిలేసేవాళ్ళు. ఆ తర్వాత మర్నాడు ఏడున్నర దాకా నాతో మాట్లాడే మనిషి లేదు, ఒక్క మా ఇంటావిడ తప్ప.

ఆవిడ పేరు అనసూయ గారు. నేను పిన్నిగారూ అనేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. నంబరు అడిగితే మనిషే తీగ గుచ్చి కలిపే రోజుల్లో ఉద్యోగంలో చేరి, తలకి ఇనుప పట్టీ, చెవికి డబ్బా తగిలించుకుని ముప్పై ఏళ్ళు బోర్డు ముందు కూర్చున్నారు. ఎడమ చెవి అప్పుడే సర్కారుకి సమర్పించుకున్నానని నవ్వుతూ చెప్పేవారు. డ్యూటీ అలవాట్లు ఒక్కటీ పోలేదు. పదకొండున్నర కొట్టగానే భోజనం, పన్నెండింటికి అంట్లు బోర్లింపు. కూరగాయలు తరిగినా గోడకి ఎదురుగా ఎత్తు స్టూలు వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టుకునే తరిగేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ పొయ్యి దగ్గరికి వెళ్ళాల్సివస్తే "లైన్లో ఉండమ్మాయ్" అని వెళ్ళేవారు. సాయంత్రమయ్యేసరికి ఆవిడ దగ్గర వెల్లుల్లిపాయలు వేసి కాచిన నూనె వాసన గుప్పుమనేది. మోకాళ్ళకి రాసుకుంటున్నారేమో అనుకునేదాన్ని. అడగలేదు.

ఆ ఇంటికి టెలిఫోను తీగ వీధివైపు గదిలోకి వచ్చేది. ఆ గదే నాకు అద్దెకిచ్చారు. గోడమీద చిన్న తెల్లడబ్బా, దాన్నుంచి ఒక జత తీగలు నా బల్లమీది ఫోనుకి, ఇంకో జత దూలాల వెంబడి వంటింట్లోని రెండో ఫోనుకి. అందరిళ్ళల్లోనూ అలా పెట్టించుకునేవాళ్ళు, రింగయితే ఎక్కడున్నవాళ్ళు అక్కడ ఎత్తుకోవచ్చని. అద్దెకిచ్చాక పిన్నిగారు నా గది గడప తొక్కేవారు కాదు. మాట్లాడాలంటే వంటింట్లో ఉన్న ఫోనే ఆవిడది. మాట్లాడటానికి ఎవరున్నారు గనక? నెలకి ఒకటో రెండో రింగులు వచ్చేవి. వాటిల్లో సగం రాంగ్ నంబర్లు. పిన్నిగారు వాళ్ళతో కూడా మర్యాదగా మాట్లాడి, మీకు కావలసిన నంబరేంటండీ అని అడిగి, సరైనది చెప్పి పెట్టేవారు.

మా కాలేజీవాళ్ళు పారేయబోతున్న కంప్యూటరొకటి అడిగి తెచ్చుకున్నాను. దాంట్లో ఉన్న విండోస్ వైరసులు పట్టి కుళ్ళిపోతే, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పెట్టి దాని బదులు లినక్స్ ఎక్కించాను. అదైనా సరదాకి కాదు. వారానికోసారి తెనాలి నెట్ సెంటరుకి వెళ్ళినప్పుడు, లినక్స్‌ని తెలుగులోకి మార్చాలని తాపత్రయపడే పదిమంది గుంపొకటి కంటబడింది. ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు కారు, అన్నీ ఈమెయిల్ ఉత్తరాలే. మెనూల్లో మాటలు పంచుకుని తెలుగు చేసేవాళ్ళు. నేనూ చేస్తానని రాస్తే రండి రండి అన్నారు. అమ్మ పోయాక నన్ను ఎవరైనా రండి అనడం అదే మొదలు. వారానికోసారి తెనాలి వెళ్ళి, జవాబు రాసి, దానికి జవాబు కోసం మళ్ళీ వారం ఆగడం నావల్ల కాలేదు. నా గదిలోనే, నా బల్లమీదే ఆ గుంపు ఉండాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే.

కోరికకి తగ్గ తిప్పలే పడ్డాను. కంప్యూటరుని ఫోను తీగమీద ఇంటర్నెట్టుకి కలిపేది మోడెమ్; నా పెట్టెలో ఉన్నది విండోస్ మాట తప్ప వినని రకం. లినక్స్ దాన్ని మోడెమ్‌గానే గుర్తించలేదు. విడిగా బయట పెట్టుకునేది కావాలన్నారు. తెనాలిలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఎర్ర దీపాలు వరసగా ఉన్న నల్లపెట్టె ఒకటి సంపాదించాను. ఆ తర్వాత డయల్ చేసే ప్రోగ్రాము మొదలెట్టింది నసుగుడు: డయల్ టోను లేదు, డయల్ టోను లేదు. పక్కనే ఫోనెత్తితే టోను నిక్షేపంలా వస్తోంది! ప్రతి శనివారం తెనాలి వెళ్ళి, నెట్ సెంటర్లో దొరికిన ఆజ్ఞలన్నీ ఆ నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకొచ్చి, ఒక్కొక్కటీ ప్రయోగించేదాన్ని. టోను కోసం ఆగకుండా డయల్ చెయ్యి అనే ఆజ్ఞ ఒకటి దొరికింది. ఆగకుండా చేసింది, నిజమే. కుయ్ కుయ్‌మని నంబరంతా కొట్టి, అవతల ఎవరూ పలక్క, నోరు మూసుకుంది. అలా రెండు వారాలు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు పిన్నిగారు గుమ్మం అవతల నిలబడి, ఆ పెట్టె ఏంటి, పిచ్చికల్లా కూస్తోందని అడిగారు. వంటింటి ఫోనెత్తి అంతా విన్నారట. చెప్పాను. మా వీధి లైన్లు ఇంకా పాతవి, వాటికి కూతలు తెలీవు, చక్రం తిప్పినట్టు టకటకా కొడితేనే నంబరు వెళ్తుంది, దానికి టకటకా కొట్టడం వచ్చా అని అడిగారు. నోటుపుస్తకం తిరగేశాను. వచ్చు. ఒక్క అక్షరం మార్చాలి, అంతే. మార్చాను. పెట్టె లోపల ఎవరో గవ్వలు ఆడుతున్నట్టు టకటకలు మొదలయ్యాయి. కాసేపటికి అవతల రింగు, ఆ తర్వాత ఆ కీచుమనే గోల, గరగర, నిశ్శబ్దం. దీపాలన్నీ వెలిగాయి. నేను గంతేసినంత పనిచేశాను. పిన్నిగారు కొంగుతో నోరు మూసుకుని నవ్వుతున్నారు. "కలిసింది కదా, ఇక మాట్లాడుకో" అని చెప్పి వెళ్ళిపోయారు. ఎన్ని వేలమందికి ఆ మాట చెప్పి ఉంటారో, అలవాటు గొంతు అది.

ఆ తర్వాత నాలుగైదు నెలలు నా జీవితం మధ్యాహ్నం రెండింటికి మొదలై మూడింటికి ముగిసేది. ఫోను బిల్లుకి భయపడి గంటకి మించి పెట్టుకునేదాన్ని కాదు. ఆ గంటలోనే ఉత్తరాలు దింపుకోవడం, పంపడం, మెనూల్లో ఒక్క మాట కోసం నలుగురితో వాదించడం. ముఖమెరుగని ఒకాయన తమ ఊళ్ళో వాన పడుతోందని చివర్లో ఒక ముక్క రాస్తే, రోజంతా ఆ వాన గురించే ఆలోచించేదాన్ని. నవ్వొస్తుంది ఇప్పుడు. అప్పుడు నవ్వు రాలేదు. ఆదివారాలు బాపట్ల వెళ్ళడం కూడా తగ్గించేశాను.

చలికాలం వచ్చేసరికి కనెక్షన్ తెగిపోవడం మొదలైంది. రెండుంపావుకి ఒకసారి, రెండున్నరకి ఒకసారి, మళ్ళీ పావు తక్కువ మూడుకి. మళ్ళీ కలపడానికి పది నిమిషాలు. లైను చూడమని ఫిర్యాదు చేశాను, కేబులు మార్చాను. చివరికి ఒకరోజు తెగిన వెంటనే వంటింట్లోకి తొంగిచూస్తే, పిన్నిగారు స్టూలుమీద కూర్చుని రిసీవరు చెవికి ఆనించుకుని ఉన్నారు. ఎవరితోనూ మాట్లాడటంలేదు. ఊరికే వింటున్నారు. పెట్టేసి, కాసేపాగి, మళ్ళీ ఎత్తి విన్నారు. ఒకే లైను గనక ఆవిడ ఎత్తినప్పుడల్లా నా కనెక్షన్ తెగుతోందన్నమాట. నాకు ఒళ్ళు మండింది. పాత ఆపరేటరమ్మకి డ్యూటీ యావ ఇంకా తీరలేదు కాబోలు అనుకున్నాను. అయినా మర్యాదగానే, రెండు నుంచి మూడు దాకా ఫోనెత్తకండి పిన్నిగారూ అని చెప్పాను. ఆవిడ కూర కలుపుతూ, ఇటు తిరక్కుండానే, అలాగేనమ్మాయ్ అన్నారు. మర్నాడు మళ్ళీ ఎత్తారు.

ఆ మర్నాడు ఆవిడ బజారుకెళ్ళినప్పుడు నేను స్క్రూడ్రైవరు తీసుకుని తెల్లడబ్బా మూత విప్పి, వంటింటికెళ్ళే జత తీగలు ఊడదీశాను. గంట తర్వాత మళ్ళీ బిగించేశాను. రెండురోజులు అలా చేశాను. మూడోరోజు బిగించడం మర్చిపోయాను. నాలుగోరోజు మర్చిపోలేదు, కావాలనే వదిలేశాను. పోన్లే, ఈవిడకి ఫోన్లు వచ్చి చచ్చాయా, వస్తే నా గదిలో మోగుతుందిగా, పిలుస్తాను అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అప్పుడు సరిగ్గా అదే అనుకున్నాను. అలా వదిలేసిన పదిరోజుల్లో ఆ ఇంటికి ఒక్క ఫోనూ రాలేదు. నా కనెక్షన్ మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

పిన్నిగారు ఫోను పనిచెయ్యడం లేదని ఒక్కమాట కూడా నాతో అనలేదు. అంటే అప్పుడు చెబుదామని నేను జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు కదా, అంటే అలవాటు తప్పిందన్నమాట అనుకున్నాను. ఒకసారి కాఫీ పొడి కోసం వంటింట్లోకి వెళ్తే, ఆ ఫోనుమీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, గుడ్డమీద ఉప్పు డబ్బా పెట్టి ఉంది. నాకు పెట్టే కూరల్లో ఉప్పు రెండుసార్లు పడటం మొదలైంది. పాలవాడు గంట కొట్టి కొట్టి వెళ్ళిపోయేవాడు. ఇవన్నీ చూశాను. ఆ వారమే గుంపులో ఎవరికో పెళ్ళి కుదిరింది, అందరం శుభాకాంక్షలు రాసుకుంటున్నాం. వందల మైళ్ళ అవతల మనిషి సంబరం తెలుస్తోంది గానీ గోడ అవతల ఏమవుతోందో పట్టలేదు.

కాలేజీకి సెలవున్న ఒక శనివారం పిన్నిగారు, తెనాలి వెళ్తున్నావా, నేనూ వస్తాను, చెవి డాక్టరుకి చూపించుకోవాలి అన్నారు. పొద్దున్న ప్యాసింజరుకి వెళ్ళాం. డాక్టరు గదిలో నేను పక్కనే కూర్చున్నాను. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చారు. ఏడాదిగా కుడిచెవి కూడా తగ్గుతోందట. రోజూ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక టెలిఫోను ఎత్తి, టోను ఎంత వినిపిస్తోందో చూసుకునేవారట. వెల్లుల్లి నూనె వేసుకుంటే కాస్త నయమనిపించేదట. "పదిరోజుల కిందట ఒక్కసారిగా ఆగిపోయిందండి. హోరు కూడా లేదు. మొత్తం నిశ్శబ్దం" అన్నారు.

నోరు తెరిచి చెప్పాల్సింది అక్కడే. డాక్టరు ఎదురుగానే ఉన్నాడు. చెప్పలేదు. ఆవిణ్ణి అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డబ్బాలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. బయట నిలబడి చూస్తున్నాను. వెన్ను నిటారుగా పెట్టుకుని, బోర్డు ముందు కూర్చున్నట్టే కూర్చున్నారు. వేలు చాలాసేపటిదాకా లేవలేదు. లేచినా మళ్ళీ అనుమానంగా దిగిపోయేది. చెవి నరం బాగా బలహీనపడింది, వెంటనే మిషను పెట్టుకుంటే మంచిది, ఆలస్యం చెయ్యకండి అని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

తిరుగు బండిలో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. వేమూరు దాటాక, ఇక ఆగలేక, ఆవిడ వైపు వంగి మెల్లగా చెప్పాను. ఏంటమ్మాయ్ అన్నారు. మళ్ళీ చెప్పాను. చెవి నా నోటి దగ్గరికి తెచ్చారు. రహస్యంగా ఒప్పుకునే వీల్లేకపోయింది నాకు. రైలుపెట్టె అంతా వినేట్టు అరిచాను. "మీ వంటింటి ఫోను తీగ నేను పీకేశాను పిన్నిగారూ! మీ చెవి కాదు, తీగే లేదు!" ఎదురుగా జామకాయల బుట్ట పెట్టుకున్నామె నావైపు అసహ్యంగా చూసింది. చూడాల్సిందే.

పిన్నిగారు తిడతారనుకున్నాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత మెల్లగా విచ్చుకుంది. పదిరోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. "అయితే నా చెవి పోలేదన్నమాట" అన్నారు. మధ్యాహ్నాలు వినిపించే హోరు కూడా నీ కంప్యూటరుదే కదూ, నేను నా తలలోది అనుకున్నాను అన్నారు. అద్దాల గది సంగతి గుర్తుచేయబోయాను. చీమ చప్పుళ్ళు పెట్టి వినమంటే ఎవరికి వినిపిస్తాయి, ముప్పై ఏళ్ళు బోర్డుమీద కూర్చున్నదాన్ని, నా చెవి సంగతి నాకు తెలీదా అని, ఆ చీటీని మడిచి సంచి అడుక్కి తోసేశారు. రెండు జామకాయలు కొని ఒకటి నాకిచ్చారు. భట్టిప్రోలు వచ్చేదాకా ఆవిడే మాట్లాడారు. నేను జామకాయ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడగడానికి కూడా సందివ్వలేదు.

ఆ వేసవికి నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి రేపల్లె వదిలేశాను. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. పిన్నిగారు చివరిదాకా మిషను పెట్టించుకోలేదని, ఆఖరి రోజుల్లో ఎవరేమన్నా అలాగే అలాగే అనేవారని, ఆవిడ పోయాక తెలిసింది. ఇప్పుడు నా చేతిలో ఫోను ఇరవై నాలుగు గంటలూ కలిసే ఉంటుంది. ఎవరో ఎత్తితే తెగిపోవడం లేదు, ఒకరి గంట ఒకరికి అడ్డం రావడం లేదు. మా అపార్టుమెంటులో పక్క ఫ్లాటు ఆవిడ రోజూ మధ్యాహ్నం ఏం చేస్తుందో నాకు తెలీదు. అప్పుడు ఒకే తీగమీద బతికాం గనక, నేను చేసిన పాపం నాకు తెలిసొచ్చింది. లేకపోతే అదీ తెలిసేది కాదు.

తెనాలి నుంచి తిరిగొచ్చిన ఆరోజు, ఇంటికి రాగానే పిన్నిగారు కాళ్ళయినా కడుక్కోలేదు. పద, ముందు తీగ పెట్టు అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తీసి, గుడ్డ తీసి, రిసీవరు అందుకున్నారు. నేను నా గదిలో డబ్బా మూత విప్పాను. రెండూ కలిస్తే గానీ టోను రాదు. ఒక తీగ బిగించాను. రెండోదాని కొస తుంపులు తుంపులుగా ఊడొస్తోంది. పంటితో తొక్క గీకి, రాగి పోగులు మెలితిప్పుతున్నాను.

"వచ్చిందమ్మాయ్!" అని వంటింట్లోంచి కేక. "వస్తోంది, బ్రహ్మాండంగా వస్తోంది! కొత్త లైను లాగా ఉంది."

రెండో తీగ ఇంకా నా వేళ్ళమధ్యే ఉంది.

ఇంకా కలపలేదండీ అని ఒక్కమాట అంటే చాలు. ఆ చీటీ సంచి అడుగునుంచి పైకి వచ్చేదేమో. పదిరోజులు ఆవిణ్ణి ఆ నిశ్శబ్దంలో కూర్చోబెట్టిందాన్ని నేను. మళ్ళీ నేనే వెళ్ళి కూర్చోబెట్టలేకపోయాను. తీగ పెట్టి, స్క్రూ బిగించి, మూత వేసి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను. పిన్నిగారు స్టూలుమీద కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతూ వింటున్నారు. ఇప్పుడు నిజంగానే టోను వస్తోంది. గుమ్మంలో నిలబడ్డ నాకే వినిపిస్తోంది. ఆవిడ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

కాసేపటికి కళ్ళు తెరిచి, నువ్వూ విను అంటూ రిసీవరు నా చేతికిచ్చారు. చెవికి పెట్టుకున్నాను.

"బాగా వస్తోంది పిన్నిగారూ" అన్నాను.

నేనా మాట అంటున్నంతసేపూ ఆవిడ నా పెదాల వంకే చూస్తున్నారు.